మావయ్యకు కుర్చీ మీద అనుమానం

మావయ్య పొద్దున లేవగానే మొట్టమొదట అనుమానించేది గోడగడియారాన్ని. అది ఆరు చూపిస్తే చేతిగడియారం వంక చూస్తాడు. అదీ ఆరే చూపిస్తే, "రెండూ కూడబలుక్కున్నాయి" అంటాడు. తర్వాత పాలప్యాకెట్ వంతు, ఆ తర్వాత పేపరు వంతు. ఇవాళ వాన పడదని పేపర్లో రాస్తే గొడుగు తీసుకుని బయల్దేరతాడు. పడుతుందని రాస్తే, "ఇంత గట్టిగా చెప్తున్నారంటే దీని వెనకాల ఏదో ఉంది" అని గొడుగుతో పాటు చలవ కళ్ళద్దాలు కూడా జేబులో వేసుకుంటాడు. దారిలో ఎవరైనా "బాగున్నారా?" అంటే, "ఎందుకడుగుతున్నారు?" అంటాడు.

ఇంత అనుమానమున్న మనిషి చేసే పని తాళాలు బాగుచెయ్యడం. పని వల్ల అనుమానం పట్టుకుందో, అనుమానం ఉంది కాబట్టే ఆ పనిలో దిగాడో ఆయన మేనకోడలికి చిన్నప్పటినుంచీ అంతుపట్టలేదు. ఒకసారి ఒకాయన ఇంటి తాళంచెవి పోగొట్టుకుని, చెమటలు కక్కుకుంటూ మావయ్య దుకాణానికి వచ్చాడు.

"కాస్త వచ్చి తలుపు తియ్యండి బాబూ, పుణ్యముంటుంది."

"ఆ ఇల్లు మీదే అని నాకెలా తెలుస్తుంది?"

"నాదేనండీ! పెళ్ళయినప్పటినుంచీ అక్కడే ఉంటున్నా!"

"అయితే ముందుగదిలో కర్టెన్లు ఏ రంగు?"

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. "నీలం... కాదు కాదు, ఆకుపచ్చ... అసలు కర్టెన్లున్నాయా మాకు?"

"చూశారా!" అని మావయ్య ఆకురాయి బల్ల మీద పెట్టేసి చేతులు కట్టుకున్నాడు. చివరికి ఆయన భార్య ఆఫీసునుంచి వచ్చి, కర్టెన్లు గోధుమరంగువనీ, ఈ మనిషి ఏనాడూ తలెత్తి చూసిన పాపాన పోలేదనీ సాక్ష్యం చెప్పాక గానీ మావయ్య పనిముట్ల సంచీ భుజానికెత్తుకోలేదు. ఆ దంపతులకు అక్కడ మొదలైన తగువు తలుపు తెరుచుకున్నాక కూడా ఆగలేదట.

మేనకోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. మావయ్యకు చూపు మందగించిందని ఓసారి బతిమాలి తీసుకెళ్ళి అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టింది.

"ఆ కింది వరస చదువు మావయ్యా."

"చదవను. ఇందాక ఈ కంటితో చూసినప్పుడు అక్కడ వేరే అక్షరం ఉంది. నేను కన్ను మూసుకున్నప్పుడు నువ్వు మార్చేశావు."

"నేను మార్చలేదు. రెండు కళ్ళకీ చూపు వేరువేరుగా ఉంది నీకు."

"అంటే ఒక కన్ను నాతో అబద్ధమాడుతోందన్నమాట. ఏ కన్నో ముందు తేల్చు. తర్వాత చూద్దాం కళ్ళజోడు సంగతి."

అది ఇప్పటికీ తేలలేదు. మావయ్య ఇప్పటికీ తాళాలు తడిమే బాగుచేస్తాడు.

ఇలాంటి మావయ్యకు ఒక అక్క. ఆవిడే మేనకోడలి తల్లి. వీధికంతటికీ టైలరమ్మ. మావయ్య తాళాల కొట్టూ, ఆవిడ కుట్టుమిషన్ గదీ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఇటు మిషన్ చప్పుడు ఆగితే అటు ఆకురాయి చప్పుడు కూడా ఆగుతుంది. "ఎందుకాపావక్కా?" అని గోడవతల్నించి కేక వస్తుంది. "దారం తెగిందిరా!" అని ఇవతల్నించి జవాబు. "తెగిందా, తెంపారా?" అని మళ్ళీ కేక.

కొలత ఒకసారి తీసుకుంటే ఆ మనిషి పదేళ్ళ తర్వాత వచ్చినా భుజాలెంతో, నడుమెంతో ఆవిడకు నోటికి వస్తుంది. అలాంటి మనిషి, ఆ ఎండాకాలం వెళ్ళాక, తప్పులు చెయ్యడం మొదలుపెట్టింది.

మిషన్ దగ్గర కూర్చున్నంతసేపూ మామూలుగానే ఉండేది. లేచి కటింగు బల్ల దగ్గరికి వెళ్ళగానే చేతిలో కత్తెర పట్టుకుని, ఎవరో పరాయివాళ్ళ కత్తెర తన చేతికొచ్చినట్టు చూసేది. ఒక చొక్కాకు రెండూ ఎడమచేతులే కత్తిరించింది. ఇంకోదానికి జేబు లోపలివైపు వచ్చేలా సుద్దగీత గీసింది. ప్యాంటు కొలతలకు వచ్చినాయన్ని నడుము చుట్టూ మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ "ఎంతన్నాను?" అని ఆయన్నే అడిగింది. మేనకోడలు ఒక ఆదివారం గుమ్మంలో నిలబడి చూసింది. వాళ్ళమ్మ కుర్చీలోంచి లేస్తూ "గుండీలు, గుండీలు, గుండీలు" అని జపం చేసుకుంటూ అలమారు దాకా వెళ్ళి, తలుపు తెరిచి, "ఏమిటబ్బా?" అని ఆగిపోయింది.

"గుండీలమ్మా."

"నాకు తెలుసు" అంది వాళ్ళమ్మ, కొంచెం కోపంగా. తెలియదని ఆ కోపంలోనే తెలిసిపోయింది.

ఈ సంగతి అన్నయ్య చెవిన పడింది. మేనకోడలి అన్నయ్య బీమా ఆఫీసులో పనిచేస్తాడు. 'రిస్కు' అన్న మాట పడకుండా అతని నోట ఒక్క వాక్యం పూర్తికాదు. వస్తూనే తల్లిని నిలబెట్టి ఫోన్లో చూస్తూ ప్రశ్నలు వేశాడు. ఇవాళ ఏ వారం? నిన్న ఏం కూర తిన్నావు? నెలల పేర్లు వెనకనుంచి చెప్పు. ఆవిడ డిసెంబరు అంది, నవంబరు అంది, తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది, అక్టోబరు ఆ దారిన వస్తుందేమో అన్నట్టు.

"మతి పోతోంది చెల్లీ" అన్నాడు అన్నయ్య వీధిలోకి వచ్చి. "చేతిలో కత్తెరతో ఇలా ఉండటం రిస్కు. గది మూసేద్దాం. మిషన్ ఎవరికైనా ఇచ్చేద్దాం. అమ్మ నా దగ్గరుంటుంది."

ముందురోజే మేనకోడలితో వాళ్ళమ్మ తనంతట తనే, నూలుపోగు సూదిలోకి ఎక్కిస్తూ, తలెత్తకుండా, "నా మిషన్ని బాగా చూసుకునేవాళ్ళెవరైనా ఉంటే చూడవే" అంది. ఆవిడ కూడా తన మతిని అనుమానిస్తోందన్నమాట. ఇంక ఆ ఇంట్లో అనుమానం లేనిదెవరికి?

ఇది చాలదన్నట్టు మావయ్య వ్యవహారం ఒకటి తయారైంది. తన స్టూలు తెచ్చి అక్క గది గుమ్మంలో అడ్డంగా వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. గుడ్డ పట్టుకుని ఎవరొచ్చినా అక్కడే ఆపేవాడు.

"ఈ గుడ్డ ఎక్కడిది?"

"కొన్నానండీ."

"అది సరే. ఈ రంగే ఎందుకు కొన్నారు?"

"నచ్చింది."

"నచ్చిందా, నచ్చేలా చేశారా? ఆ కొట్టువాడు పైలైట్లు వేసి చూపించాడా, మామూలు వెలుతురులో చూపించాడా?"

బేకరీలో రొట్టెలు చేసే ఆయన తన ఆప్రాన్ కుట్టించుకోవడానికి వచ్చి, ఈ విచారణ పూర్తయ్యేసరికి ఓవెన్లో రొట్టెలు గుర్తొచ్చి, గుడ్డ అక్కడే వదిలేసి పరిగెత్తాడు. లోపల టైలరమ్మ కొలత టేపు మెళ్ళో వేసుకుని, బల్లనానుకుని నిలబడి, "ఎవర్రా వచ్చింది?" అంటే, "నాకూ అదే అనుమానం. కనుక్కుంటున్నా. నువ్వు కాసేపలా కూర్చో" అనేవాడు మావయ్య.

"నాకైతే ఒకటే అనిపిస్తోంది" అన్నాడు అన్నయ్య చెల్లెలితో గొంతు తగ్గించి. "మావయ్య కన్ను ఆ గది మీద పడింది. గిరాకీని తరిమేస్తే అమ్మ తనే మూసేస్తుంది. మధ్యగోడ కొట్టేస్తే తాళాల కొట్టు రెండింతలవుతుంది."

"ఛ, మావయ్య అలాంటివాడు కాదు."

"మరి ఎందుకు కూర్చుంటున్నాడు అక్కడ?"

అనుమానం అంటువ్యాధి లాంటిది కాబోలు, ఆ సాయంత్రం మావయ్య "టీ తాగుతావా?" అని అడిగితే, మేనకోడలి నోటివెంట "ఎందుకు?" అని వచ్చింది. మావయ్య ఆమె వంక మెచ్చుకోలుగా చూశాడు.

మర్నాడు ఆమె సూటిగానే అడిగేసింది. "మావయ్యా, అమ్మ మతి పోతోందని అందరూ అంటున్నారు. నువ్వేమంటావు?"

"అందరూ అంటున్నారా?" అన్నాడు మావయ్య, కళ్ళు చికిలించి. "అందరూ ఒకే మాట అంటున్నారంటే దీని వెనకాల ఏదో ఉంది."

"అన్నయ్య ప్రశ్నలడిగాడు. చెప్పలేకపోయింది."

"ఆ ప్రశ్నలెవరు రాశారు? నాకు ఆ ప్రశ్నల మీదే అనుమానం. రా."

లోపలికి వెళ్ళేసరికి టైలరమ్మ మిషన్ ముందు కూర్చుని కాజాలు కుడుతోంది. మావయ్య ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, నేను మొదటిసారి బళ్ళోకి వేసుకెళ్ళిన చొక్కాకి ఏ బొత్తాలు కుట్టావు?"

ఆవిడ తలెత్తకుండానే చెప్పింది. "అన్నీ తెల్లవి. అడుగుది మాత్రం గోధుమరంగు. అక్కడి తెల్లది నువ్వు మింగేశావు. బయటికొచ్చిందా లేదా అని రోజూ నన్నే చూడమనేవాడివి."

మేనకోడలు కిసుక్కుమంది. మావయ్య నవ్వలేదు. "నెలలు వెనకనుంచి చెప్పు" అన్నాడు. డిసెంబరు నుంచి జనవరి దాకా, మిషన్ పెడలు తొక్కుతూ, టకటకా చెప్పేసింది. "ఇప్పుడు లేచి, ఆ బల్ల దగ్గరికెళ్ళి చెప్పు." ఆవిడ లేచింది, వెళ్ళింది, నిలబడింది. డిసెంబరు అంది. అక్కడినుంచి ఎటు వెళ్ళాలో తోచక తమ్ముడి మొహం వంక చూసింది. మళ్ళీ కూర్చోబెడితే కాసేపటికి నవంబరూ దొరికింది, అక్టోబరూ దొరికింది.

మావయ్య మొహం వెలిగింది. మేనకోడలికి ఆయన్నలా చూడటం అదే మొదటిసారి. జీవితమంతా వెతుకుతున్న దొంగ దొరికినట్టుంది.

"కుర్చీ!" అన్నాడు. "కూర్చుంటే మా అక్క మా అక్కే. లేస్తే వేరే ఎవరో. దాని వెనకాల ఏదో ఉంది!"

కుర్చీ వెనకాల గోడ తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆయన ఆ కుర్చీని తన కొట్లోకి మోసుకుపోయి, మరలన్నీ విప్పి, కాళ్ళు నాలుగూ వరసగా పేర్చి భూతద్దంతో చూశాడు. రంగు గీకి వాసన చూశాడు. ఏమీ దొరకలేదు. అక్కకు తన స్టూలిచ్చి కూర్చోబెట్టి, లేపాడు. అదే కథ. "స్టూలు కూడా వాళ్ళతో కలిసిపోయింది" అన్నాడు. పక్క ఫోటో స్టూడియోనుంచి సోఫా అరువు తెచ్చాడు. అదీ అంతే. కటింగు బల్లను తూర్పునుంచి పడమరకు జరిపాడు. ఫ్యాను మార్పించాడు. తనే ఆ బల్ల దగ్గర ఒక పూటంతా నిలబడి, "నాకేం కావటం లేదే" అని నెలలు వెనకనుంచి చెప్పుకుంటుంటే, గుడ్డ పట్టుకుని వచ్చిన గిరాకీ ఒకాయన చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

ఈలోగా అన్నయ్య డాక్టరమ్మ దగ్గర సమయం తీసుకున్నాడు. టైలరమ్మ బీపీ మాత్రలు వాడేది ఆవిడ దగ్గరే. నలుగురూ బయల్దేరారు. ఆటో దగ్గర చూస్తే మావయ్య నెత్తి మీద కుర్చీ ఉంది.

"ఇదెందుకు మావయ్యా?"

"ముద్దాయి లేకుండా విచారణ ఏమిటి?"

ఆస్పత్రిలో వరండా నిండా జనం. ఆస్పత్రి కుర్చీలు ఖాళీగా ఉన్నా సొంత కుర్చీ వేసుకుని అక్కను కూర్చోబెట్టిన మావయ్యను అందరూ వింతగా చూశారు. ఆయన కూడా వాళ్ళందరినీ అనుమానంగా చూసి లెక్క సరిచేశాడు.

డాక్టరమ్మ అన్నయ్య చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. కత్తెర రిస్కు, పొయ్యి రిస్కు, రోడ్డు దాటడం రిస్కు. అంతా అయ్యాక మావయ్య కుర్చీని ముందుకు తోశాడు.

"డాక్టరమ్మా, వాడి మాట నమ్మకండి. నా మాటా నమ్మకండి. ఈ కుర్చీలో ఉన్నంతసేపూ మా అక్కకు అన్నీ గుర్తుంటాయి. ఇందులోంచి లేస్తే పోతాయి. స్టూలునుంచి లేచినా అంతే. సోఫానుంచి లేచినా అంతే. కుర్చీలన్నీ కలిసి మా అక్క మీద ఏదో చేస్తున్నాయి."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగింది.

"లేచినప్పుడా? లేచినప్పుడే అవుతోందా?" అని టైలరమ్మ వైపు తిరిగింది. "మాత్ర పెంచినప్పుడు అడిగాను కదమ్మా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా అని. లేదన్నారు."

"కళ్ళు తిరగలేదమ్మా" అంది టైలరమ్మ మెల్లగా. "మతే తిరిగింది. అది మీరడగలేదు. నేనూ చెప్పలేదు... చెప్తే మిషన్ తీసేస్తారని."

డాక్టరమ్మ ఆవిడను బల్ల మీద పడుకోబెట్టి చేతికి బీపీ పట్టీ చుట్టబోయింది.

"ఆగండి" అన్నాడు మావయ్య. "ఆ మిషన్ సరిగ్గా చెప్తుందని ఏమిటి నమ్మకం? ముందు నాకు చూడండి."

చూసింది. బాగానే ఉంది.

"మీది కూడా చూసుకోండి."

"మావయ్యా!" అంది మేనకోడలు. డాక్టరమ్మ మారుమాట్లాడకుండా తనది కూడా చూసుకుంది. కాస్త ఎక్కువే ఉంది. "పొద్దున లేదు. మీరొచ్చాకే పెరిగినట్టుంది" అంది.

పడుకున్నప్పుడు టైలరమ్మ బీపీ చక్కగా ఉంది. నెలలు వెనకనుంచి తడుముకోకుండా చెప్పింది. లేపి నిలబెట్టి, పట్టీ తియ్యకుండా, కాసేపాగి మళ్ళీ చూశారు. పై అంకె అమాంతం కిందికి జారిపోయింది. "ఇప్పుడు చెప్పండమ్మా నెలలు" అంది డాక్టరమ్మ, ఒక చెయ్యి ఆవిడ నడుం వెనక ఆసరాగా పెట్టి. డిసెంబరు దగ్గరే ఆగిపోయింది టైలరమ్మ. అన్నయ్య ఫోను జేబులో పెట్టేశాడు.

"కూర్చున్నంతసేపూ తలకు రక్తం బాగానే అందుతోంది" అంది డాక్టరమ్మ ఆవిడను తిరిగి కూర్చోబెడుతూ. "నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. అది అందరికీ దిగేదే. మామూలుగా అయితే ఒళ్ళు వెంటనే సర్దుకుని పైకి పంపిస్తుంది. ఈవిడకు ఆ సర్దుబాటు సరిగ్గా జరగటం లేదు, నేను పెంచిన మాత్ర కూడా దానికి తోడయింది. అలాంటప్పుడు మెదడు లో వోల్టేజీలో బల్బులాగా పనిచేస్తుంది. కళ్ళు తిరగకపోయినా ఆలోచన మసకబారొచ్చు."

"అంటే మతిమరుపు జబ్బు కాదా?" అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడే కాదనీ అనను, అవుననీ అనను. ముందు మాత్ర తగ్గించి, దీన్ని సరిచేసి, అప్పుడు మళ్ళీ పరీక్ష చేద్దాం. మీరు నిలబెట్టి పెట్టిన పరీక్ష మాత్రం లెక్కలోకి రాదు. ఇంకోటి, ఇలా మాటిమాటికీ బీపీ పడిపోతుంటే పోనుపోను జ్ఞాపకశక్తి నిజంగానే దెబ్బతింటుందేమోనని వైద్యుల్లో కూడా ఒక అనుమానం ఉంది."

అనుమానం అన్న మాట చెవిన పడగానే మావయ్య మొహం విప్పారింది. "డాక్టరమ్మా," అన్నాడు లేచి చేతులు జోడించి, "మీరు మనవాళ్ళే."

మాత్ర తగ్గింది. నీళ్ళు బాగా తాగమన్నారు, కుర్చీలోంచి లేచేముందు కాళ్ళు ఆడించి, అంచున కాసేపు కూర్చుని, అప్పుడు లేవమన్నారు. కొన్ని వారాలకు టైలరమ్మ బల్ల దగ్గర నిలబడి ఒక కోటు మొత్తం కత్తిరించేసింది. తర్వాత పరీక్షలో డాక్టరమ్మ ఆవిణ్ని నిలబెట్టే నెలలడిగింది. టైలరమ్మ జనవరి దాకా చెప్పి, "మళ్ళీ డిసెంబరు నుంచి చెప్పనా?" అంది. అన్నయ్య మిషన్ మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పట్లో విప్పిన కుర్చీని మావయ్య ఆస్పత్రికి ముందే బిగించాడు గానీ, ఒక మర మిగిలిపోయింది. అది కుర్చీదేనా అని ఆయనకు అనుమానం.

ఒకరోజు బేకరీ ఆయన వచ్చాడు. గుమ్మంలో స్టూలు లేదు. ఆగి అటూ ఇటూ చూశాడు.

"ఏమ్మా, మీ మావయ్య ఇవాళ నన్నేమీ అడగరా?" అన్నాడు మేనకోడలితో. "పోనీలే, పాపం మంచివాడు. పోయినసారి నా ఆప్రాన్ గుడ్డ మీద తాళాల నూనె ఒలకబోశాడట. ఎంత వద్దన్నా వినకుండా అచ్చం అలాంటిదే కొత్త గుడ్డ తెచ్చిచ్చాడు."

ఆ వెనకే వచ్చిన ప్యాంటాయన, "మీకూ నూనేనా? నా గుడ్డను ఆకురాయితో చించేశాడట" అన్నాడు. సాయంత్రానికి ఇంకొకావిడ వచ్చి, తన కొడుకు చొక్కా మావయ్య కొట్లో ఎలకలు కొరికేశాయని చెప్పింది. తాళాల కొట్లో తినడానికి ఇనుము తప్ప ఏముందని ఎలకలొస్తాయి?

మేనకోడలు నేరుగా గోడవతలికి వెళ్ళింది. కొట్టు వెనక అలమారు తలుపు తీస్తే, లోపల రెండు ఎడమచేతుల చొక్కా, లోపలి జేబు చొక్కా, ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టీగా ఉన్న ప్యాంటు, మెడపట్టీ లేని ఆప్రాన్, అన్నీ ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉన్నాయి.

"ఇవేమిటి మావయ్యా?"

"నీకెవరు చెప్పారు? వాళ్ళ మాటలు నమ్ముతావా?"

"గుమ్మంలో కూర్చుని అందర్నీ ఆపింది అందుకేనా? అమ్మ కాసేపు కూర్చుని తేరుకునేదాకా వాళ్ళను లోపలికి రానివ్వకుండా?"

మావయ్య ఒక తాళంకప్ప తీసి శ్రద్ధగా అందులోకి ఊదాడు. "అక్క తప్పు పట్టుకున్నవాడు పదిమందికి చెప్తాడు. నా పిచ్చి సంగతి వాళ్ళందరికీ ముందే తెలుసు. ఇంకొంచెం తెలిస్తే ఏం పోయింది?"

"గడియారాన్ని నమ్మవు. నీ కన్నును నువ్వే నమ్మవు. అమ్మ మతి మీద మాత్రం ఒక్కసారైనా అనుమానం రాలేదా నీకు?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "అక్క మీదా? నాకు బొత్తం పెట్టుకోవడం నేర్పిన మనిషి మీద, బీమా ఆఫీసువాడి మాట పట్టుకుని నేను అనుమానపడాలా?"

ఈ మాటలు గోడవతల వినిపించాయి. మిషన్ చప్పుడు ఆగింది. కానీ ఈసారి మావయ్య "ఎందుకాపావక్కా?" అని అడగలేదు.

"ఒరేయ్, ఇలా రా" అని పిలుపొచ్చింది. "ఆ అవకతవక బట్టలు అవతల పారేసి, నీకు సరైన చొక్కా ఒకటి కుడతాను. కొలతలివ్వు."

వెళ్ళాడు. అక్క కుర్చీ అంచుకు జరిగి, కాళ్ళు ఆడించి, లేవబోయింది. "లేవకు, లేవకు!" అంటూ ఆ భారీ మనిషి ఆవిడ ముందు నేల మీద చతికిలబడి, రెండు చేతులూ బార్లా చాపాడు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు.

"నువ్వు నేల మీద కూర్చుంటే అమ్మ చొక్కా పొడుగెలా కొలుస్తుంది మావయ్యా?" అంది మేనకోడలు నవ్వాపుకుంటూ.

"వీడి పొడుగు నేను కొలవక్కర్లేదులేవే" అంది వాళ్ళమ్మ, టేపు తమ్ముడి భుజాల మీద పరుస్తూ.

కొలతలయ్యాయి. మావయ్యకు ఉన్నట్టుండి ఏదో తట్టింది. "ఆగక్కా! ఆ టేపు..." అంటూ ఒక్క ఉదుటున లేచాడు. లేచినవాడు లేచినట్టే బల్ల అంచు పట్టుకుని ఆగిపోయాడు. కళ్ళు రెండుసార్లు ఆర్పాడు.

"ఏమిట్రా? టేపుకేమైంది?"

"టేపు కాదు... ఎవరినో... ఇప్పుడే ఎవరినో అనుమానించబోయాను." గోడ వంక చూశాడు, ఫ్యాను వంక చూశాడు, మేనకోడలి వంక చూశాడు. "ఎవరినబ్బా?"

టైలరమ్మ మెల్లగా, పద్ధతిగా లేచి నిలబడింది. తన కుర్చీలో తమ్ముణ్ని కూర్చోబెట్టి, కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చి చేతికిచ్చింది. మావయ్య ఆ గ్లాసులోకి ఒక్కసారైనా తొంగిచూడకుండా గటగటా తాగేశాడు.